బొమ్మ నిలబడితే చాలదు, మంత్రి గారూ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నెల్లూరు నుంచి ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు నమస్కరించి రాస్తున్న లేఖ.

నాకు బాగా తెలిసిన ఒక పార్కులో సమరయోధుల సిమెంటు బొమ్మలు ఉన్నాయి. ఒక్కో బొమ్మ ముందు ఒక మీట ఉండేది, నొక్కితే కథ వినిపించేది. ఆ మీటలు ఆరు నెలలు పనిచేశాయి. అప్పటి నుంచి ఏటా ఆగస్టు రెండో వారంలో రంగులు మాత్రం వేస్తున్నారు. ఒక ఏడాది గాంధీగారి కళ్లద్దాలకు కూడా తెల్లరంగు పూసేశారు. మనుమడు ‘తాతా, ఈయనకు కళ్లు కనపడవా?’ అన్నాడు.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. 2005లోనూ 2022లోనూ ఫ్లోరిడాలోని డిస్నీ వినోదవనానికి తీసుకెళ్లింది. పిల్లలు రైళ్లెక్కుతుంటే నేను నీడ కోసం ‘హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్’లో దూరాను. ఆ దేశాధ్యక్షులందరూ యంత్రపు బొమ్మలుగా వేదిక మీద ఉంటారు. పేరు పిలిస్తే తల ఊపుతారు, పక్కవారి వైపు చూస్తారు. మొదటిసారి చిన్న బుష్ ప్రసంగించారు. రెండోసారి ఆయన గుంపులో కలిసిపోయారు, ప్రమాణం చదివింది బైడెన్. ఇంటికొచ్చాక ఆ ప్రదర్శన చరిత్ర వెదికి చదివాను. నా లేఖకు కారణం అదే.

1971 అక్టోబరు 1న ఆ వనంతోపాటే అది తెరుచుకుంది. మొదట్లో అధ్యక్షుల్లో మాట్లాడేది లింకన్ ఒక్కరే. 1993లో క్లింటన్‌తో, పదవిలో ఉన్నవారు సొంత గొంతు ఇచ్చే పద్ధతి మొదలైంది. అదే ఏడాది ఎరిక్ ఫోనర్ అనే చరిత్రకారుడి సలహాతో కథనాన్ని తిరగరాసి బానిసత్వం గురించి మరింత చెప్పించారు. అధ్యక్షుడు మారినప్పుడల్లా హాలు మూస్తారు. 2017 జనవరిలో మూసింది డిసెంబరుకు గానీ తెరవలేదు. ట్రంప్ బొమ్మ మాట్లాడకూడదని సంతకాలు కూడా సేకరించారు.

ఇందులో నాకు నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి. కథను మార్చుకోవచ్చని ఒప్పుకోవడం నచ్చింది. పదవిలో ఉన్నవారికి మైకు ఇవ్వడం నచ్చలేదు. లింకన్ ఒక్కరే మాట్లాడినన్నాళ్లూ ఆ గొడవ లేదు. మన దగ్గర ఆ అలవాటు మొదలైతే ఏమవుతుందో, శంకుస్థాపన ఫలకాలు చదివిన ఎవరికైనా తెలుసు.

ఇక మన సంగతి. నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహాశ్రమం ఉంది. ఇలాంటి ప్రదర్శన ఒకటి అక్కడ పెట్టమని నా విన్నపం. హంగులు అక్కర్లేదు. ఒక గది, కొన్ని గొంతులు, మీట చెడితే బాగుచేసే మనిషి ఒకరు చాలు. ఆ మనిషి జీతం మొదటి అంచనాలోనే రాయండి. ప్రారంభోత్సవానికి పందిరి వేసే డబ్బు ఎప్పుడూ దొరుకుతుంది, బల్బు మార్చే డబ్బే దొరకదు.

కథ గురించి మరికాస్త చెప్పనివ్వండి. పొట్టి శ్రీరాములు గారి పేరు మా జిల్లాకే పెట్టారు. పిల్లలను అడగండి, 58 రోజుల దీక్ష అంటారు, 1952 డిసెంబరు 15 అంటారు. అదే మనిషి 1946లో మా మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఇక్కడే నిరాహారదీక్ష చేశారని చెప్పే పిల్లవాడు నాకు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎదురుపడలేదు. తప్పు వాడిది కాదు, పాఠం చెప్పినవాణ్ణి నేనే. శ్రీరాములు గారు అట్టల మీద నినాదాలు రాసి తగిలించుకుని ఈ వీధుల్లో తిరుగుతుంటే పిచ్చివాడనుకున్నవాళ్లూ ఉన్నారు. బొమ్మ చేయిస్తే ఆ అట్టలతో చేయించండి.

ప్రకాశం పంతులు గారికీ ఇదే గతి. 1928లో మద్రాసులో తుపాకులకు ఎదురొడ్డిన ఛాతీ ఒక్కటే అందరికీ గుర్తు. వినోదరాయునిపాలెంలో పుట్టి, పేదరికంలో చదువుకుని, గడించినదంతా పత్రికకూ ఉద్యమానికీ పోసిన మనిషిని ఆ ఒక్క క్షణంలో బిగించేశాం. ఆశ్రమానికి భూమి ఇచ్చిన పొణకా కనకమ్మ గారి గురించి అడిగితే, ఆమె నెలకొల్పిన కస్తూరిదేవి విద్యాలయం గేటు ముందు రోజూ నడిచేవాళ్లు కూడా తడుముకుంటారు.

ఈ వరుస 1947 దగ్గర ఆగకూడదు. 1992లో మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్నది సారా దుకాణాల మీదికి పట్టుకెళ్లారు, మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. నాకు అది కూడా స్వాతంత్ర్య సమరమే. మీ పార్టీవారో ఎదుటిపార్టీవారో నొచ్చుకుంటారని దాన్ని వదిలేయవద్దు. అయిదేళ్లకొకసారి, ఎన్నికలతో సంబంధం లేకుండా, మన విశ్వవిద్యాలయం చరిత్రకారులూ జిల్లా ఉపాధ్యాయులూ కూర్చుని కథనం చూడాలి. ఎవరిని కలపాలో వాళ్లు చెప్పాలి. మంత్రులు, శాసనసభ్యులు ఆ గదిలో మామూలు టిక్కెట్టుతో రావాలి, మీతో సహా.

సిమెంటు తర్వాత తెప్పించవచ్చు. ముందు ఒక మనిషిని రికార్డరుతో దూబగుంటకు పంపండి. ఆ రోజు దుకాణం ముందు నిలబడ్డ అమ్మలకు ఇప్పుడు అరవై దాటింది, డెబ్భై దాటింది. కథ చెప్పడానికి నటి గొంతు అద్దెకు తెచ్చే అవసరం ఈ ఒక్క చోటైనా మనకు లేదు.

ఇట్లు,
నెల్లూరు పౌరుడు