జపనీస్ నేర్చుకునేవారికి ఏ నిఘంటువు?

సంపాదకులకు నమస్కారం.

విదేశీ భాషలు నేర్చుకునేవారి కోసం మీరు ప్రచురించిన వ్యాసంలో జపనీస్ గురించి ఒక సలహా ఉంది. ఎక్కువ నిఘంటువులున్న ఎలక్ట్రానిక్ డిక్షనరీ కొనుక్కోమని, లేదంటే ఫోన్‌లో ఏదో ఒక యాప్ వేసుకుంటే చాలని. ఆ మాట నమ్మి డబ్బు పెట్టేవాళ్లు ఉంటారు. ఒకప్పుడు నేనూ అలాగే పెట్టాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పంపులు, కంప్రెసర్లు బాగుచేసే మెయింటెనెన్స్ టెక్నీషియన్ని. జపాన్ యంత్రాల మాన్యువల్స్ చదవడం కోసమే తొమ్మిదేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. మేం పనిచేసే షెడ్డులోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. అందుకే నాకు విడిగా ఒక పరికరం తప్పనిసరైంది.

మొదట కొన్నది ఒకరు వాడి అమ్మింది. వందకు పైగా నిఘంటువులున్నాయనీ, మెనూ ఇంగ్లీషులో వస్తుందనీ అమ్మినతను చెప్పాడు. ఇంటికి తెచ్చి తెరిస్తే మెనూ మొత్తం జపనీసే. ఆ వందలో చాలా భాగం జపాన్ హైస్కూలు పిల్లలకు పనికొచ్చేవి: ఇంగ్లీషు పరీక్షల అభ్యాసాలు, వాళ్ల ప్రాచీన సాహిత్యం, చరిత్ర పాఠాలు. పరికరంలో లోపం ఏమీ లేదు. దాన్ని ఇంగ్లీషు నేర్చుకునే జపనీయుల కోసం తయారుచేశారు, అంతే. ఇంగ్లీషు మాట కొడితే అర్థం కాంజీల్లో, అంటే చైనా లిపి నుంచి జపనీస్ తీసుకున్న అక్షరాల్లో, వస్తుంది. ఆ కాంజీలను ఎలా పలకాలో ఉండదు, ఎందుకంటే వాళ్లకు అది అక్కర్లేదు. మనకు కావలసింది సరిగ్గా అదే. కాంజీ పక్కనో పైనో చిన్న అక్షరాల్లో ఇచ్చే ఉచ్చారణను ఫురిగానా అంటారు. ఉదాహరణ వాక్యాలకు అది ఉందో లేదో అన్నిటికన్నా ముందు చూసుకోవాలని ఆ రోజు నాకు తెలియదు.

ఒక మాట ఎలా పలుకుతారో తెలిస్తే నిఘంటువులో వెతకడం మనకు సులువే. జపనీస్ అక్షరాల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. సంస్కృత అక్షరాలు నేర్చుకున్న బౌద్ధ భిక్షువుల ద్వారా అక్కడికి చేరిన వరుస ఇది. 'చ' ఉండాల్సిన చోట 'స', 'ప' ఉండాల్సిన చోట 'హ' ఉన్నాయని గుర్తుపెట్టుకుంటే చాలు, మన వర్ణమాలే. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చిక్కంతా పలకడం తెలియని మాటతోనే. ఒక పంపు బొమ్మ కింద మూడు కాంజీల మాట ఉంది. మొదటి అక్షరం నాకు రాదు. తెర మీద పుల్లతో రాస్తే సంబంధం లేని అక్షరాలేవో చూపించింది. ఎడమ పక్క నుంచి దిగి అడుగున పొడుగ్గా సాగే గీతను, షిన్‌న్యో అంటారు, నేను మొదట రాశాను. దాన్ని చివర రాయాలి. వరుస మార్చి రాశాక అక్షరం దొరికింది: 'గ్యాకు', అంటే తిరగబడ్డ అని. మాట మొత్తం 'గ్యాకుషిబెన్', నీరు వెనక్కి పోకుండా ఆపే వాల్వు. చేత్తో రాసే వీలుతో పాటు అక్షరంలోని భాగాల పేర్లతో, గీతల లెక్కతో వెతికే వీలు కూడా పరికరంలో ఉండాలి. బిగించడం అనే అర్థమున్న 'షిమె' కాంజీకి 15 గీతలు, ఎడమ భాగం దారం, 'ఇతో'. ఈ రెండూ చెబితే దొరికిపోతుంది.

'గ్యాకుషిబెన్'లోని చివరి అక్షరం 'బెన్' దగ్గర నేను ఒక సాయంత్రమంతా గడిపాను. వాల్వు అదే, పూరేకు అదే, ఒక ప్రాంతపు యాస అదే. ఇదెలా అని పరికరంలోని కాంజీ నిఘంటువు తెరిచాను. యుద్ధం తర్వాత లిపిని సులువు చేసినప్పుడు మూడు వేర్వేరు పాత అక్షరాలను ఈ ఒక్కదానిలో కలిపేశారట. పూరేకుకీ వాల్వుకీ ఉన్నది ఒకటి, మాటకు ఉన్నది మరొకటి, విడదీసి చూడడానికి ఉన్నది ఇంకొకటి. అది చదివాక వాల్వు లోపలి పలుచని రేకు చూసిన ప్రతిసారీ నాకు పువ్వు గుర్తొస్తుంది. నేను వాడిన యాప్‌లో 'వాల్వు, యాస' అని రెండు ముక్కలే ఉన్నాయి. మంచి కాంజీ నిఘంటువు లోపల ఉన్న పరికరమే కొనమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఫోన్‌ను నమ్మి నష్టపోయిన సంగతి కూడా చెప్పాలి. ఒక మాన్యువల్ పేజీని బయటికి తెచ్చి ఫోన్ కెమెరాతో అనువాదం చేయిస్తే 'ఇంకా బిగించండి' అని వచ్చింది. బిగించాను. బోల్టు మర పోయింది. అసలు మాట 'మషిజిమె' అని తర్వాత ఒక జపాన్ ఇంజనీరు చెప్పారు. ముందే బిగించిన బోల్టులు వదులై ఉంటాయేమోనని మళ్లీ ఒకసారి చూసి సరైన బిగువుకు తేవడమట. విన్న మాటను పరికరంలో వెతుకుదామని 'జిమె' అని కొడితే ఏమీ దొరకలేదు. అసలు మాట 'షిమె', సమాసంలో రెండో మాటగా వచ్చేసరికి 'జిమె' అయింది. క గ అవుతుంది, త ద అవుతుంది, హ బ అవుతుంది. బడిలో సరళాదేశ సంధి చదివిన మనకు ఇది కొత్త కాదు. కానీ నిఘంటువులో వెతికేటప్పుడు సరళాన్ని వెనక్కి పరుషంగా మార్చుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. కొన్ని పరికరాల్లో కోజియెన్‌ను, అంటే జపనీస్ మాటలకు జపనీస్‌లోనే అర్థాలిచ్చే పెద్ద నిఘంటువును, మాట చివరి అక్షరాలతో వెతకవచ్చు. 'బెన్' అని కొడితే బెన్‌తో ముగిసే మాటలన్నీ వరుసగా వస్తాయి. నా పనికి అంతకన్నా ఉపయోగపడిన సదుపాయం లేదు.

యాప్‌లు మెరుగ్గా ఉన్న చోటు కూడా ఉంది. 'యురుమెనాయిదె కుదసాయ్', అంటే వదులు చేయకండి. దీన్ని ఉన్నది ఉన్నట్టు కొడితే నా పరికరం చేతులెత్తేస్తుంది. మూలరూపం 'యురుమెరు' అని మనమే పట్టుకోవాలి. మంచి యాప్ తనే మూలరూపానికి తీసుకెళుతుంది. ఉచిత యాప్‌లలో చాలావాటికి ఆధారం జిమ్ బ్రీన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 1991లో మొదలుపెట్టిన పదకోశమే. అందుకని నాలుగు యాప్‌లు వేసుకుంటే నాలుగు అభిప్రాయాలు దొరుకుతాయనుకోవద్దు.

పాత పరికరం కొనేవారు లోపలి నిఘంటువులు ఏ ముద్రణవో అడగాలి. కోజియెన్ ఏడో ముద్రణ 2018లో వచ్చింది. నిత్య వ్యవహార కాంజీల జాబితా 2010లో 1,945 నుంచి 2,136కు పెరిగింది. అంతకుముందు తయారైన పరికరానికి ఈ కొత్త జాబితా తెలియదు, తర్వాత నేర్పడానికీ వీలుండదు. జపనీస్–ఇంగ్లీషు విషయానికి వస్తే కెన్‌క్యూషా పెద్ద నిఘంటువు, 2003 నాటి ఐదో ముద్రణ, ఉంటే మిగతావి లేకపోయినా ఫర్వాలేదు. మాటలు, సమాసాలు, ఉదాహరణలు కలిపి అందులో 4,80,000 ఉన్నాయి. ఈ పరికరాల తయారీదారులూ తగ్గిపోతున్నారు. సెయికో ఇన్‌స్ట్రుమెంట్స్ 2015లోనే ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. కాబట్టి చాలామందికి దొరికేది వాడినదే అవుతుంది.

ఈ విషయం మీద మళ్లీ రాయించినప్పుడు నిఘంటువుల లెక్క బదులు ఈ చిన్న పరీక్ష అచ్చువేయమని నా విన్నపం. కొనబోయేవారు తాము చదువుతున్న పుస్తకం నుంచే మూడు మాటలు తీసుకెళ్లాలి: బొత్తిగా చదవలేని కాంజీ ఒకటి, రెండో భాగం మారిన సమాసం ఒకటి, వ్యతిరేకార్థంలో ఉన్న క్రియ ఒకటి. అమ్మేవారి ఎదుటే ఆ మూడూ వెతకాలి. నేను ఇప్పుడు వాడుతున్న పరికరం వాటిలో రెండింటికే జవాబు చెప్పింది. మూడోదాని కోసం క్రియారూపాల పట్టిక ఒకటి రాసి దాని మూత వెనక అంటించుకున్నాను.

భవదీయుడు,
ఒక మెయింటెనెన్స్ టెక్నీషియన్