పెద్ద లైను కొనే ముందు లెక్క తీయించండి

సంపాదకుల గారికి,

మా ఒంగోలు చుట్టుపక్కల కాలేజీల్లో, ఆఫీసుల్లో నెట్ నెమ్మదించిందంటే చాలు, ఇంకా పెద్ద లైను తీసుకుందాం అంటారు. ఉన్న లైను దేనికి ఎంత ఖర్చవుతోందో అడిగేవాళ్లే లేరు. సర్వర్ల పని చేసేవాణ్ని, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

ఒక కాలేజీలో పరీక్ష ఫీజు ఆఖరి రోజున పేజీ తెరుచుకోలేదు. ఫోన్లో కట్టలేక టంగుటూరు నుంచి, సింగరాయకొండ నుంచి పిల్లలు బస్సెక్కి వచ్చి ఎండలో కౌంటర్ ముందు నిలబడ్డారు. తీరా చూస్తే అదే సర్వర్ పట్టపగలు సీసీ కెమెరాల రికార్డింగులన్నీ బయటికి బ్యాకప్ పంపుతోంది! లైను చిన్నదై కాదు, అడ్డూ అదుపూ లేక వచ్చిన తిప్పలు.

లైనక్స్ సర్వర్లో దీనికి టీసీ (tc, అంటే ట్రాఫిక్ కంట్రోల్) అనే కమాండ్ ఉంది, పైసా ఖర్చు లేదు. అందులో వేగాన్ని వాటాలుగా పంచే హెచ్‌టీబీ (HTB) పద్ధతిలో ట్రాఫిక్‌ని, అంటే సర్వర్ పంపే డేటాని, క్లాసులుగా విడగొట్టి, ఫీజు పేజీకి ఒకటి, బ్యాకప్‌కి ఒకటి, క్యాంపస్ లోపల తిరిగేదానికి ఇంకొకటి పెట్టి, ఒక్కోదానికి కచ్చితంగా దక్కాల్సిన వేగం రేట్‌గా, దాటకూడని హద్దు సీల్ (ceil) గా ఇస్తే, పక్క క్లాసు ఖాళీగా ఉన్నప్పుడు మిగిలిన వేగాన్ని ఇంకో క్లాసు వాడుకుంటుంది, రద్దీ రాగానే తన వాటాకి తగ్గుతుంది. ఏ క్లాసు ఎన్ని బైట్లు పంపిందో కూడా టీసీయే లెక్క చూపిస్తుంది. లోపలి ట్రాఫిక్ విడిగా ఉంటుంది కాబట్టి బయటి లైను వాడకంలో కలవదు.

చేసేవాళ్లకి రెండు మాటలు. టీసీలో ఎంబిట్ (mbit) అంటే మెగాబిట్లు, ఎంబీపీఎస్ (mbps) అని రాస్తే సెకనుకి మెగాబైట్లు, అంటే 8 రెట్లు. మన నెట్ ప్లాన్లలో ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లే కాబట్టి అందరూ ఇక్కడే బోల్తా పడతారు. ఇక మిగతాదంతా పడాల్సిన డిఫాల్ట్ క్లాసు ఏదో చెప్పకపోతే, ఏది ఏ క్లాసులోకి వెళ్లాలో చెప్పే ఫిల్టర్లలో దేనికీ దొరకని ట్రాఫిక్ హద్దు లేకుండా నెట్‌వర్క్ కార్డు వేగంతో వెళ్లిపోతుంది, అప్పుడు చేసిందంతా దండగ. ఇదంతా సర్వర్ నుంచి బయటికి వెళ్లేదానికి, లోపలికి వచ్చేదాన్ని అదుపు చేయడం వేరే పని.

యాజమాన్యాలకి నా విన్నపం ఒక్కటే. కొత్త లైనుకి సంతకం పెట్టే ముందు మీ సర్వర్ చూసేవాళ్లని క్లాసుల వారీగా నెల రోజుల లెక్క అడగండి, అది చూశాక కూడా లైను చాలదనిపిస్తే అప్పుడు నిశ్చింతగా కొనండి.

– ఒక సిస్టమ్ అడ్మిన్, ఒంగోలు