నాన్నకు ఊపిరి అందించిన అంబులెన్స్ సిబ్బందికి కృతజ్ఞతలు

గుండె ఆగిపోయిన మా నాన్న బతికి ఇంటికొచ్చేశారు. ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టి అడుగుతున్న అందరికీ ముందుగా ఆ మాట. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) వల్ల పక్కటెముకల నొప్పి తగ్గలేదు. మనిషి మాత్రం మాట్లాడుతున్నారు, అందర్నీ గుర్తుపడుతున్నారు.

చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు "అంబులెన్స్‌వాళ్లు అక్కడే నోట్లోంచి శ్వాసనాళంలోకి పైపు వేసేయాల్సింది, ఆస్పత్రి దాకా ఎందుకు ఆగారు?" అంటున్నారు. మా బాబాయ్ అయితే ఐసీయూ బయటే గట్టిగా అడిగేశాడు. ఈ థ్యాంక్స్ నలుగురిలో చెప్పాలనుకున్నది అందుకే. వాళ్లు ఏం చేశారో పక్కనే ఉండి చూసినదాన్ని నేను.

ముందు ఎమర్జెన్సీ ఫోన్ ఎత్తినావిడకు దండం. స్పీకర్ ఆన్ చేయించి, తమ్ముడి చేతులు ఛాతీ మీద ఎక్కడ పెట్టాలో చెప్పి, బండి వచ్చేదాకా తనే లెక్కపెడుతూ వాడి చేత నొక్కించింది.

వచ్చిన ఇద్దరిలో ఒకరు తమ్ముణ్ణి తప్పించి ఛాతీ నొక్కడం అందుకున్నారు. రెండో ఆయన నాన్న తల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. నోటి నిండా వాంతి. సక్షన్ మెషిన్‌తో లాగేశారు. వదులుగా కదులుతున్న కట్టుడు పళ్లు తీసి నా చేతిలో పెట్టారు. తర్వాత మాస్క్, దానికి తగిలించి చేత్తో నొక్కుతూ గాలి పంపే బ్యాగ్. బొటనవేలు, చూపుడువేలితో మాస్క్‌ను పట్టి, మిగిలిన మూడు వేళ్లు దవడ ఎముక కిందకి పోనిచ్చి, దవడనే మాస్క్‌లోకి ఎత్తారు. స్పృహ లేనివాళ్లకు నాలుక వెనక్కి జారి దారి మూసుకుపోతుంది, దవడ ఎత్తితే తెరుచుకుంటుంది. అప్పటిదాకా కదలని ఛాతీ, బ్యాగ్ నొక్కగానే పైకి లేచింది.

ఆయన బ్యాగ్ నొక్కిన తీరు కూడా చెప్పాలి. ఛాతీ లేచేంత వరకే, మెల్లగా. ఇంకా గట్టిగా నొక్కొచ్చు కదా అని నా ప్రాణం కొట్టుకుంది. పెద్దవాళ్లకు ఒక్కసారికి అర లీటరు గాలి చాలట. ఎక్కువ కొడితే పొట్టలోకి పోయి మళ్లీ వాంతవుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ఇంకో గండం.

ఆ తర్వాత మెత్తని కప్పు లాంటిది చివర ఉన్న గొట్టం ఒకటి గొంతులోకి జార్చారు. అది శ్వాసనాళంలోకి దిగదు, దాని ముఖద్వారం మీద కూర్చుంటుంది. ఛాతీ నొక్కడం ఆగలేదు. గుండెకు షాక్ ఇచ్చాక కాసేపటికి మానిటర్‌లో, ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ అంకె ఒక్కసారిగా పెరిగింది. గుండె మళ్లీ కొట్టుకుంటోందనడానికి అది గుర్తు. ఆయన వెంటనే మెడ దగ్గర వేళ్లు పెట్టి "పల్స్ వచ్చింది" అన్నారు.

బాబాయ్‌కి ఎమర్జెన్సీ డాక్టరుగారే ఓపిగ్గా జవాబు చెప్పారు. పైపు వేయాలంటే నాలుక పైకెత్తి, స్వరతంత్రుల మధ్య సందు చూసి దింపాలి. వాంతితో నిండిన నోట్లో, నేలమీద, చాలీచాలని వెలుతుర్లో అది తేలిక కాదు. పొరపాటున అన్నవాహికలోకి దిగి, ఎవరూ గమనించకపోతే ప్రాణమే పోతుంది. గుండె ఆగినప్పుడు నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది కాబట్టి, ఆక్సిజన్ ఏ దారిన వెళ్లినా వెళ్లడమే ముఖ్యమన్నారు. ఇంగ్లండ్‌లో ఆస్పత్రి బయట గుండె ఆగిన 9 వేలమందికి పైగా పేషెంట్లలో పైపును, ఈ కప్పు గొట్టాన్ని పోల్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. డిశ్చార్జ్ అయ్యేనాటికి, లేదా అంతకన్నా ముందే 30 రోజులు నిండితే అప్పటికి, బాగా కోలుకున్నవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

పైపు దండగని కాదు. మంటల్లో చిక్కుకుని గొంతు వాచిపోతున్నవాళ్లకు ఆలస్యం చేస్తే తర్వాత దారే దొరకదు. నాన్నకూ ఆస్పత్రిలో పైపు వేశారు, మందులూ మనుషులూ అన్నీ సిద్ధంగా పెట్టుకుని. ఈ బొంగురు గొంతు దాని గుర్తే. బాబాయ్ అంతా విని "సరేలే" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడమే గొప్ప.

అన్నగార్లూ, మీ పేర్లు అడిగే స్థితిలో లేము ఆ రోజు. మీ ఆఫీసుకు ఉత్తరం రాశాం, మీ సర్వీసు రికార్డులో చేర్చమని కోరాం. నాన్న మీతో మాట్లాడతానంటున్నారు. ఇది మీ కంటబడితే ఒక్క మెసేజ్ పెట్టండి.