హవాసా నుంచి నాన్నగారికి

హవాసా, ఇథియోపియా
19 అక్టోబరు 2025, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

ఫోన్లో మాట్లాడితే మీకు సగం వినపడదు, ఆ సగం అమ్మ తనకు తోచినట్టు చెబుతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఫోటో తీసి మీ కోడలికి వాట్సాప్‌లో పంపితే, తను జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి మీ చేతికిస్తుంది. చదివేటప్పుడు దయచేసి ఎర్ర పెన్ను పక్కన పెట్టుకోకండి.

పైన వేసిన తారీఖు మన లెక్క. ఇక్కడివాళ్ల లెక్కలో ఇవాళ తికిమ్త్ నెల 9, సంవత్సరం 2018. నేను దిగిన వారంలోనే, సెప్టెంబరు 11న, వీళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. ముప్పై రోజుల నెలలు పన్నెండు, చివర అయిదారు రోజుల బుల్లి నెల ఒకటి, మొత్తం పదమూడు. నాకు ఏడేళ్ల వయసు తగ్గిందని మీ కోడలికి చెప్పండి, నవ్వుకుంటుంది.

సంవత్సరం సంగతి సరే, గడియారం దగ్గరే నా పరువు పోయింది. ఇక్కడ రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు గంటలు వీళ్లకు ఒంటిగంట, మన ఎనిమిది వీళ్లకు రెండు. మొదటి క్లాసు "రెండు గంటలకు" అని యూనివర్సిటీ క్లర్కు నోటిమాటగా చెప్పాడు. నేను భోంచేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సరిగ్గా మధ్యాహ్నం రెండుకు వెళ్లాను. గదిలో ఒక ముసలాయన బెంచీలు తుడుస్తున్నాడు. పిల్లలు పొద్దున ఎనిమిదికే వచ్చి, గంటసేపు చూసి వెళ్లిపోయారట. ముప్పై ఏళ్ల సర్వీసులో మీరు ఒక్క రోజు కూడా బెల్లు తర్వాత బడికి వెళ్లలేదు, మీ కొడుకు మాత్రం ఇక్కడి ఉద్యోగంలో మొదటి రోజే ఆరు గంటలు లేటు. ఆ పూటంతా ఎవరి మొహం చూడాలన్నా సిగ్గేసింది. తర్వాత తెలిసింది, కొత్తగా వచ్చిన పరాయి దేశం వాళ్లందరూ కనీసం ఒకసారి ఇలా చేస్తారట. ఇప్పుడు ఎవరు టైము చెప్పినా "మీ టైమా, మా టైమా" అని అడుగుతున్నాను.

రెండో క్లాసులో ఇంకో కంగారు. పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగితే ముందు బెంచీలో అమ్మాయి గుక్కెడు గాలి లోపలికి పీల్చి అలా ఉండిపోయింది. తేలో ఏదో కుట్టిందేమో అనుకున్నాను. పక్కమ్మాయి కూడా అలాగే పీల్చింది. కాసేపటికి గదంతా అదే చప్పుడు. టెన్షన్‌తో పాఠం ఆపేశాను. ఏమీ లేదు, అది ఇక్కడ "అవును" అనడం! మనం తల అడ్డంగా ఊపుతాం కదా, అది చూసి వాళ్లు అంతే తికమకపడుతున్నారు. నేను "సరే" అని తల ఊపితే "కాదు" అన్నాననుకుని పాపం ఒక కుర్రాడు తన జవాబు చెరిపేసి మళ్లీ రాశాడు.

పిల్లల గురించి మీరు అడిగారు కదా. తెలివితక్కువ వాళ్లేం కాదు. పన్నెండో తరగతి చివర వీళ్లు రాసే దేశవ్యాప్త పరీక్ష మన ఎంసెట్‌ను మించిన గండం. 2022, 2023ల్లో అందులో సగం మార్కులు తెచ్చుకున్నవాళ్లు నూటికి నలుగురు కూడా లేరు. అలాంటి పరీక్ష దాటి వచ్చారు. అయినా ఇంగ్లీషులో నోరు విప్పమంటే బల్ల కింద దూరేలా ఉంటారు. కారణం మీకు నేను చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఎవరి భాషలో వాళ్లు చదువుతారు: సిదామా, అమ్హారిక్, ఒరోమో, వొలైతా. హైస్కూలు తొమ్మిదికి వచ్చేసరికి, కొన్నిచోట్ల ఇంకా ముందే, లెక్కలూ సైన్సూ అన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులో మీద పడతాయి. జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి, ఇంటర్లో మొదటి ఫిజిక్సు క్లాసులో నేను ఎలా కూర్చున్నానో, వీళ్లూ అలాగే కూర్చుంటున్నారు. ఆఖరికి చేసే తప్పులు కూడా మనవే. అమ్హారిక్‌లో మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. అందుకని "నేను కాఫీ తాగుతాను" అన్న వరసలోనే ఇంగ్లీషు మాటలు పేరుస్తారు.

మొదటి రెండు వారాలు నేను మాట్లాడటం, వాళ్లు గాలి పీల్చడం, అంతే. "మాస్టారు చాలా స్పీడు" అని కూడా ఫిర్యాదు వెళ్లింది. గుంటూరు స్పీడు కదా.

ఇప్పుడు మీకు నచ్చే సంగతి. వీళ్ల లిపిని ఫీదెల్ అంటారు. బజారులో పిల్లల చార్టు ఒకటి కొన్నాను. గోడకు తగిలించి చూస్తే ఏముందనుకున్నారు? గుణింతం! బె, బు, బీ, బా, బే, బ్, బో. ఒక్కో అక్షరానికి ఏడు రూపాలు, అలాంటి వరసలు ముప్పై మూడు. మా ఇంటి ఓనరమ్మ కూతురు రెండో తరగతి. రోజూ సాయంత్రం ఆ పిల్ల కర్ర పుచ్చుకుని నాచేత చదివిస్తుంది. తప్పు చదివితే మీలాగే నాలుక చప్పరిస్తుంది.

ఒక తిరకాసుంది. ద్విత్వం నోటితో పలుకుతారు కానీ రాతలో చూపించరు. "అలె" అంటే అన్నాడు, "అల్లె" అంటే ఉన్నాడు. రాస్తే రెండూ ఒకటే! మొన్న క్లాసులో ఎవరూ నోరు మెదపకపోతే విసుగొచ్చి, బోర్డు మీద ఫీదెల్‌లో "మాస్టారు ఉన్నాడు" అని రాసి గట్టిగా చదివాను. ఒత్తకుండా చదివినట్టున్నాను, "మాస్టారు అన్నాడు" అయింది. క్లాసు గొల్లుమంది. మూడు వారాల్లో ఒక్క మాట మాట్లాడని వెనక బెంచీ కుర్రాడు లేచి, బోర్డు దాకా వచ్చి, "సేమ్ లెటర్ టీచర్. బట్ యూ ప్రెస్!" అని తన దవడ మీద వేలు పెట్టి చూపించాడు. ఇంకొకడు "నో, నో, నాట్ ప్రెస్, హోల్డ్" అన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు, వాళ్లతో మిగతావాళ్లూ కలిశారు. నలభై నిమిషాలు నాకు అమ్హారిక్ నేర్పారు, అంతా ఇంగ్లీషులోనే. గ్రామరు సంగతి అడక్కండి. గంట కొట్టినా లేవలేదు. వెళ్తూ వెళ్తూ ఒకమ్మాయి వీళ్ల సామెత చెప్పి నన్ను ఓదార్చింది: మెల్లమెల్లగా గుడ్డు కూడా కాళ్ల మీద నడుస్తుందట.

అప్పటి నుంచి ప్రతి క్లాసులో మొదటి పది నిమిషాలు వాళ్లు టీచర్లు, నేను విద్యార్థిని. సిలబస్‌లో లేదని పై వాళ్లు అంటారేమో, చూద్దాం.

అమ్మ బెంగ తిండి గురించి. ఇంజెరా అని, టెఫ్ అనే ఆవగింజ కంటే చిన్న గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద అట్టులా పోస్తారు. తిరగెయ్యరు. మన దోసె కన్నా పులుపు, మెత్తన. దాని మీదే కూరలన్నీ వడ్డిస్తారు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం, ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. హోటల్లో "త్సోమ్" అంటే చాలు, ఎర్ర కందిపప్పు, శనగపిండి షిరో, ఆకుకూర, క్యాబేజీ తెచ్చి పెడతారు. బెర్బెరె అని వీళ్ల కారం గొప్పగా చెప్పుకుంటారు. రుచి బాగుంది, ఘాటు మాత్రం మనకు తమ్ముడే. గోంగూర పచ్చడి సీసా భద్రంగా చేరింది, వారానికి రెండు స్పూన్లు లెక్కపెట్టి తింటున్నాను.

ఇంటి ఓనరమ్మ పండగనాడు భోజనానికి పిలిచి, ఇంజెరా ముద్ద చేసి నేరుగా నా నోట్లో పెట్టింది. గుర్షా అంటారు, ప్రేమ ఉన్నవాళ్లకు పెట్టే ముద్ద. ముప్పై తొమ్మిదేళ్ల మనిషిని, అందరి ముందు! అమ్మ గోరుముద్దలు గుర్తొచ్చి మింగడం కష్టమైంది. తర్వాత కాఫీ. పచ్చి గింజలు మన ముందే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడుసార్లు పోస్తారు. మొదటి దఫా అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. మధ్యలో లేవకూడదు. అమ్మ ఫిల్టర్ కాఫీ గురించి ఇక్కడ మాట్లాడకుండా జాగ్రత్తపడుతున్నాను.

ఇక్కడ ఆటోను "బజాజ్" అనే పిలుస్తారు. మొన్న బజాజ్‌లో పక్కన కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, హైలే సెలాసీ చక్రవర్తి రోజుల్లో తనకు లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారేనన్నాడు. ఆ కాలంలో మనవాళ్లు చాలామంది ఇక్కడి బళ్లలో పనిచేశారు. "బాగా చెప్పేవాడు, బాగా కొట్టేవాడు" అని దిగిపోయాడు. చార్జీ కూడా ఆయనే ఇచ్చాడు.

అంతా బాగుందని కాదు. నా పక్క సీటు లెక్చరర్ నాకంటే సీనియర్, నాకంటే మంచి టీచర్. నిరుడు జూలైలో ఇక్కడి కరెన్సీ బిర్రును మార్కెట్‌కు వదిలేశాక డాలరు ధర రెండింతలు దాటింది, ఆయన జీతం మాత్రం ధరలతో పాటు పెరగలేదు. సాయంత్రాలు ట్యూషన్లు చెబుతాడు. నాకు వచ్చేది ఆయనకు తెలుసు, ఆయనకు వచ్చేది నాకు తెలుసు. కాఫీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వడు. మన దగ్గర పాత కాలేజీలో నాలుగు నెలలు జీతం ఆపినప్పుడు నేనూ ఇలాగే ఎవరినీ ఇవ్వనిచ్చేవాణ్ణి కాదు.

బుడ్డిదానికి చెప్పండి, ఇక్కడి చెరువు గట్టున చేపల బజారులో బట్టతల కొంగలుంటాయి, తనంత ఎత్తు. చేప ముక్కల కోసం మనుషులతో పాటు లైన్లో నిలబడతాయి. రేపు దీపావళి కదా, మతాబులు దగ్గరుండి కాల్పించండి, చిచ్చుబుడ్ల మీదకు వంగనివ్వద్దు. రాత్రి ఎనిమిదికి ఫోన్ చెయ్యమనండి. అప్పుడు నాకు అయిదున్నర. ఓనరమ్మకైతే పదకొండున్నర.

ఒకటి మర్చిపోయాను. ఇక్కడ ఇంటిపేర్లు లేవు. మన పేరు, పక్కన తండ్రి పేరు, అంతే. డిపార్ట్‌మెంటులో నా గదికి బోర్డు రాయిస్తూ "ఇది నాన్న పేరేనా?" అని అడిగితే, కాదు, ఇంటిపేరు అన్నాను. అలాంటిది అక్కర్లేదని తీసేసి మీ పేరు అడిగారు. వచ్చిన కొత్తలో ఆ బోర్డు మీద ఉన్నవి నాకు బొమ్మలే. నిన్న తాళం వేస్తూ కూడబలుక్కుని చదివాను. మొదట నా పేరు, పక్కన మీ పేరు. మీ పేరులో బకు ఒత్తు లేదు. వీళ్ల రాతలో అది పెట్టే అలవాటు లేదు, ఏమీ అనుకోకండి.

మీ అబ్బాయి