మా ఉస్తాద్‌కి, ఎక్కడున్నా సరే

నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో, ఆర్మీ శిక్షణ ఇచ్చే మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో మాకు డ్రిల్ నేర్పిన ఉస్తాద్, ఇది మీకే. పేరు రాయను, మీకది నచ్చదని తెలుసు.

శ్రీకాకుళం ఎండల్లో పెరిగినవాళ్లం, నీలగిరి చలికి పళ్లు టకటకలాడుతుంటే తెల్లారకముందే గ్రౌండ్‌లో నిలబెట్టి, సావధాన్ అనగానే అందరి బూట్ల చప్పుడూ ఒక్కటిగా వినపడేదాకా వదిలేవారు కాదు. ఒకడు తప్పితే ప్లాటూన్ మొత్తానికీ రైఫిల్ నెత్తిమీదకెత్తి పరుగే. అప్పట్లో మిమ్మల్ని లోపల్లోపల తిట్టుకోనివాడు లేడు లెండి!

కానీ రాత్రి బ్యారక్‌కి వచ్చి టార్చ్ వేసి ఒక్కొక్కరి పాదాలు చూసింది కూడా మీరే. బొబ్బలెక్కినవాణ్ణి పొద్దున్నే డాక్టరు చూసే ఎంఐ రూమ్‌కి పంపేసేవారు, ఆ సంగతి పరేడ్‌లో ఎత్తేవారే కాదు. హిందీ సరిగా రాక నేను బిక్కమొహం వేస్తే, తిట్టకుండా మళ్లీ చెప్పింది ఆ ఒక్క విషయంలోనే అనుకుంటా. బీపీఈటీ అనే ఫిట్‌నెస్ పరీక్షలో రైఫిల్‌తో, వీపున బరువుతో 5 కిలోమీటర్లు పరుగెత్తాల్సి వచ్చేది కదా, చివర్లో నా పక్కనే పరుగెత్తుతూ మీరు వేసిన కేకలు లేకపోతే నేను పాసయ్యేవాణ్ణే కాదు.

శిక్షణ ముగిసి ప్రమాణం చేసిన కసమ్ పరేడ్ రోజు మా అమ్మకి కుర్చీ తెచ్చి వేశారు చూడండి, ఆవిడ ఇప్పటికీ మిమ్మల్ని అడుగుతుంది. చాలా థ్యాంక్స్ ఉస్తాద్.