డ్వేన్ మెక్‌డఫీ ప్రసంగం అయిపోయింది, థ్యాంక్స్ చెప్పడం ఇంకా మిగిలింది

అందరికీ నమస్కారం. నేను సాయం అడుగుతూ పెట్టిన పోస్టు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కామిక్స్ రాసే మనిషి యానిమేషన్‌లోకి ఎలా వస్తాడు, అక్కడ నిర్మాత దాకా ఎలా వెళ్తాడు అన్నదాని మీద కాలేజీ పిల్లలకు మాట్లాడాలి, ఉదాహరణగా అమెరికన్ రచయిత డ్వేన్ మెక్‌డఫీని తీసుకుంటున్నాను, ఆయన పాత పుస్తకాలు దొరకట్లేదు, ఈ రంగం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి అని అడిగాను. ఒకరిద్దరు పలికితే గొప్ప అనుకున్నా. మీరేమో ఇన్‌బాక్స్ నింపేశారు. ప్రసంగం అయింది, బాగానే అయింది, పిల్లలు ప్రశ్నలతో వదల్లేదు. ఎవరికి దేనికి థ్యాంక్స్ చెప్పాలో వివరంగా రాద్దామని కూర్చున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. పేర్లు మాత్రం రాయట్లేదు, కొందరు వద్దన్నారు, అందుకని అందరికీ అదే పద్ధతి.

ముందుగా మైల్‌స్టోన్ కామిక్స్ పెట్టె పంపిన అన్నకి. మైల్‌స్టోన్ అంటే మెక్‌డఫీ స్నేహితులతో కలిసి పెట్టిన కామిక్స్ కంపెనీ. 1993 నాటి హార్డ్‌వేర్, ఐకాన్, స్టాటిక్, బ్లడ్ సిండికేట్, ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవర్లో, వెనక అట్ట పెట్టి మరీ. ముఖం కూడా చూడని మనిషికి అలాంటివి ఎవరైనా పంపుతారా అండీ? తెర మీద చూసినప్పుడు పట్టని సంగతి ఒకటి కాగితం చేతిలోకి వచ్చాక పట్టింది, రంగులు. అప్పటి మామూలు కామిక్స్‌లో నల్లజాతి పాత్రలందరికీ ఇంచుమించు ఒకే గోధుమరంగు పూసేసేవాళ్లు. ఈ పుస్తకాల్లో మనిషికో ఛాయ ఉంది, దీని కోసం వాళ్లు రంగులు వేసే పద్ధతినే మార్చుకున్నారు.

ఆ పెట్టెలో అన్న ఒక చీటీ కూడా పెట్టారు. "ఈయన ఏం రాసినా, బిల్లు ఎవరు కడుతున్నారో చూడు" అని. అంతే రాశారు. నా ప్రసంగం మొత్తం ఆ చీటీ మీదే నిలబడింది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

మెక్‌డఫీ 1962లో డెట్రాయిట్‌లో పుట్టాడు. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో ఇంగ్లీషు, తర్వాత ఫిజిక్స్‌లో మాస్టర్స్, ఆ పైన సినిమా చదువు కోసం న్యూయార్క్. అక్కడ ఒక ఆర్థిక పత్రికలో ప్రూఫులు, కాపీ దిద్దే పని చేస్తుండగా స్నేహితుడి ద్వారా 1987లో మార్వెల్‌లో అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరాడు. అక్కడ ఆయన రాసిన డ్యామేజ్ కంట్రోల్ దేని గురించి అంటే, సూపర్‌హీరోలు, విలన్లు కొట్టుకుని ఊరంతా పాడుచేసి వెళ్లిపోయాక ఆ శిథిలాలు ఎత్తి, గోడలు మళ్లీ కట్టే ఒక కంపెనీ గురించి. మిగతా వాళ్లంతా ఆకాశంలో ఫైటింగ్ చూస్తుంటే ఈయన కింద చీపురు పట్టుకున్నవాళ్లని చూశాడు. అన్న చెప్పిన బిల్లు మాట అక్షరాలా ఇక్కడే ఉంది.

హార్డ్‌వేర్‌లో అదే మాట కోపంగా వస్తుంది. కర్టిస్ మెట్‌కాఫ్ అనే ఇంజనీరు, చిన్నప్పుడే తన తెలివి చూసి చదివించిన యజమాని ఎడ్విన్ ఆల్వాకి లెక్కలేనంత డబ్బు తెచ్చిపెట్టే యంత్రాలు కనిపెడతాడు. లాభాల్లో వాటా అడిగితే, నువ్వు ఉద్యోగివి, అంతకంటే ఏమీ కాదు అన్నట్టు జవాబు వస్తుంది. ఈ కథ రాసిన మనిషి సొంతంగా ఏం చేశాడు? 1990లో ఉద్యోగం వదిలి ఫ్రీలాన్స్‌కి వెళ్లాడు, తర్వాత డెనిస్ కోవాన్, మైఖేల్ డేవిస్, డెరెక్ డింగిల్‌తో కలిసి మైల్‌స్టోన్ మీడియా పెట్టాడు. అచ్చు వేసి పంచేది డీసీ కామిక్స్, పాత్రల మీద హక్కు మాత్రం మైల్‌స్టోన్‌దే. పిల్లలకు అన్నిటికంటే ముందు ఇది చెప్పాను. కథ బాగా రాయడం ఎలాగూ నేర్చుకుంటారు, కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఏం చదవాలో వాళ్లకి ఎవరూ చెప్పరు.

ఐకాన్ గురించి మీరన్నదీ నిజమే అన్నా. 1839లో అమెరికా దక్షిణాదిలో దిగిన గ్రహాంతరవాసి, బానిసగా ఉన్న ఒక నల్లజాతి స్త్రీకి బిడ్డ రూపంలో దొరకడం, వందేళ్లు దాటాక డబ్బున్న లాయరుగా ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్నవాణ్ణి రాకెల్ అనే టీనేజ్ అమ్మాయి నిలదీసి సూపర్‌హీరోని చేయడం... పుస్తకం అట్ట మీద పేరు అతనిది, కథ నడిపేది ఆ పిల్ల.

ఇప్పుడు స్టోరీ ఎడిటర్ పని వివరించిన అక్కకి. యానిమేషన్‌లో ఏళ్లుగా పనిచేస్తూ, ఆఫీసు అయ్యాక రాత్రి పూట అంత పొడుగు వాయిస్ మెసేజులు పెట్టారు చూడండి, నేను వాటిని మొత్తం ఎక్కించి రాసుకున్నాను. అమెరికన్ టీవీ కార్టూన్లలో టైటిల్స్‌లో "రచన" అని ఒకరి పేరు పడుతుంది. కానీ చిన్న ఆలోచన దగ్గర మొదలై, అవుట్‌లైన్, మొదటి డ్రాఫ్ట్, రెండో డ్రాఫ్ట్ దాటి గొంతులు రికార్డు చేసే రోజు దాకా స్క్రిప్టు బాధ్యత స్టోరీ ఎడిటర్‌ది. ఫ్రీలాన్స్ రచయితలకు కథలు పంచాలి, వచ్చినవి దిద్దాలి, సీజన్ మొత్తం ఒకే మనుషుల కథలా వినిపించాలి, అవసరమైతే సగం తిరిగి రాయాలి. అలా తిరిగి రాసినా ఎపిసోడ్ మీద పేరు మామూలుగా మొదట రాసినవాళ్లదే. అక్క చెప్పిన ఇంకో చేదు మాట, నటులతో తీసే లైవ్ యాక్షన్ షోల రచయితలకు మళ్లీ ప్రసారమైనప్పుడల్లా వచ్చే డబ్బు, రెసిడ్యువల్స్ అంటారు, అది అక్కడి కార్టూన్ రచయితల్లో చాలామందికి రాదు. హార్డ్‌వేర్ కథ మళ్లీ గుర్తొచ్చింది నాకు.

ఇది తెలిశాకే జస్టిస్ లీగ్ అనే డీసీ సూపర్‌హీరోల కార్టూన్ లెక్క నాకు అర్థమైంది. 2001లో మొదలై, 2004 నుంచి జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్ పేరుతో 2006 దాకా నడిచిన ఆ రెండు సిరీస్‌ల 91 ఎపిసోడ్లలో 69 వాటిలో మెక్‌డఫీ రచయితగానో, స్టోరీ ఎడిటర్‌గానో, నిర్మాతగానో ఉన్నాడు. "రచన" అన్న పేరు పట్టుకుని వెతికితే ఇందులో చాలా భాగం కనిపించదు. తర్వాత బెన్ 10 ఏలియన్ ఫోర్స్‌కీ ఆయనే స్టోరీ ఎడిటర్, హాల్లో సగం మంది చిన్నప్పుడు చూసిందే. వాళ్లకి ఆయన పేరు తెలియదు. బెన్ 10 అన్నాక మాత్రం అందరూ సర్దుకుని కూర్చున్నారు.

అక్క ఇంకో మంచి సంగతి అన్నారు. అప్పటి నెలవారీ కామిక్‌లో కథ 22 పేజీలు, అరగంట కార్టూన్‌లో ప్రకటనలు తీసేస్తే మిగిలేది 22 నిమిషాలు కొంచెం అటూ ఇటూ. చోటు తక్కువ, ఎక్కడ ఆపాలో తెలిసి తీరాలి, అందుకే ఒకదాంట్లో చెయ్యి తిరిగినవాడు రెండోదాంట్లో నిలబడగలడు అని. ఇది నిజమో కాదో పిల్లలు అరగంట వాదించుకున్నారు, నేను పక్కన నిలబడి నీళ్లు తాగాను.

స్టాటిక్ షాక్ ఎపిసోడ్ల మీద నోట్సు పంపిన తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. మైల్‌స్టోన్ స్టాటిక్ కామిక్ ఆధారంగా 2000 నుంచి 2004 దాకా వచ్చిన ఆ కార్టూన్ సిరీస్‌లో హీరో వర్జిల్ హాకిన్స్ పేరు ఊరికే పెట్టింది కాదని, 1949లో నల్లవాడన్న కారణంగా ఫ్లోరిడా యూనివర్సిటీ లా కాలేజీ సీటు ఇవ్వనన్న మనిషి పేరని నాకు నువ్వు చెప్పేదాకా తెలియదు. స్కూల్లో ఏడిపించబడిన పిల్లాడు తుపాకీ తెచ్చే "జిమ్మీ" ఎపిసోడ్‌కి మెక్‌డఫీ, ఆలన్ బర్నెట్‌లకు 2003లో హ్యుమానిటాస్ ప్రైజ్ అనే రచయితల అవార్డు వచ్చిందన్నదీ నీ నోట్సులోదే. చిన్నపిల్లల కార్టూన్‌లో అలాంటి కథ ఎలా ఒప్పుకున్నారు అని ఒకమ్మాయి అడిగింది, నీ నోట్సు చదివి వినిపించాను.

1989 మెమో సంగతి గుర్తుచేసినవాళ్లకీ థ్యాంక్స్. మార్వెల్‌లో ఉంటూనే, నల్లజాతి హీరో అంటే చాలు స్కేట్‌బోర్డు ఎక్కించేస్తున్నారని వెక్కిరిస్తూ, అలాంటి నలుగురితో ఒక ఉత్తుత్తి కామిక్ ప్రతిపాదన రాసి ఎడిటర్‌కే ఇచ్చాడు. హాలంతా నవ్వింది.

2009 సంగతి వదలొద్దని పట్టుబట్టిన మాస్టారూ, మీ మాటే విన్నాను. అప్పటికి ఆయన డీసీలో జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా నెలవారీ పుస్తకం రాస్తున్నాడు. కథలో మార్పులు ఎందుకొస్తున్నాయని పాఠకులు నెట్‌లో అడిగితే దాపరికం లేకుండా జవాబులు చెప్పాడు, అవన్నీ ఒకచోట చేర్చి ఒక కాలమ్‌లో వేశాక ఆయన్ని ఆ పుస్తకం నుంచి తప్పించారు. ఉద్యోగాల కోసం చూస్తున్న పిల్లల ముందు ఇది చెప్పాలా అని నేను సందేహించాను. చెప్పడమే మంచిదైంది, అసలైన ప్రశ్నలు దాని తర్వాతే వచ్చాయి. నన్నడిగితే ఆయన చేసింది తప్పు కాదు, కానీ ఇంటి అద్దె కట్టాల్సిన వయసులో నేనైతే చెయ్యగలనా అంటే అనుమానమే, ఆ మాట కూడా వాళ్లతో అన్నాను.

చివరి రోజుల గురించి క్లుప్తంగా చెప్పమన్నారు, అలాగే చెప్పాను. 2011 ఫిబ్రవరి 21న, 49వ పుట్టినరోజు దాటిన మర్నాడు, గుండె ఆపరేషన్ తర్వాతి సమస్యలతో పోయాడు. ఆయన స్క్రిప్టు రాసిన యానిమేషన్ సినిమాల్లో ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్ ఆ మర్నాడే విడుదలైంది, జస్టిస్ లీగ్ డూమ్ 2012లో వచ్చింది.

ఇంకా ప్రసంగం పాఠం మొదటినుంచీ చదివి, మధ్యలో నేను ఎగిరెగిరి పడ్డ చోటల్లా కత్తిరించిన చెల్లికి, ప్రొజెక్టర్ మొరాయిస్తే లాప్‌టాప్ తెచ్చి ఇచ్చిన కుర్రాడికి, లింకులు పంపిన అందరికీ, నేను ఇంకా జవాబు ఇవ్వనివాళ్లకి కూడా, నిజంగా చాలా థ్యాంక్స్. ప్రసంగం పాఠం కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను, అక్క వాయిస్ మెసేజుల రాతప్రతి మాత్రం ఆవిడ సరే అంటేనే.

అన్నా, హార్డ్‌వేర్, స్టాటిక్, బ్లడ్ సిండికేట్ రేపు కొరియర్ చేస్తున్నాను, కవర్లు మార్చలేదు, అట్టలు అలాగే ఉన్నాయి. ఐకాన్ సంచికలు ఇంకొక్క వారం ఉంచుకోవచ్చా? ప్రసంగానికి వచ్చిన పిల్లలు ఇద్దరు చదవడం మధ్యలో ఉన్నారు.