బుద్ధ్ సర్క్యూట్‌కి వెళ్ళే ముందు

చిరంజీవి హారికకి,

నాన్న ఆశీస్సులు. విద్యార్థులే తయారుచేసిన కార్ల పోటీ కోసం మీ కాలేజీ జట్టు గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కి వెళ్తోందని రాశావు. అంత మంచి ట్రాక్ మీద ఫార్ములా వన్ మూడేళ్ళకే ఎందుకు ఆగిపోయిందనీ అడిగావు. ట్రాక్‌లో లోపమేమీ లేదు తల్లీ. జనం తగ్గిన మాట నిజమే. తొలి ఏడాది 95 వేల దాకా వచ్చారని లెక్క, ఆ తర్వాత అంతమంది రాలేదు. కానీ రేసును ఆపింది పన్నుల చిక్కు.

ముందు ట్రాక్ సంగతి చెబుతాను, మీకు పనికొస్తుంది. రేసు ట్రాకులు రూపొందించే హెర్మన్ టిల్కే గీసిన ట్రాక్ అది. పొడవు 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు, రేసుకు 60 ల్యాపులు. మొదటి మలుపు దాటాక ఎత్తెక్కుతూ పోయి మూడో మలుపు చేరుతుంది. అక్కడ దారిని కావాలనే వెడల్పు చేశారు, ఎవరికి నచ్చిన గీత (కారు పోయే దారి) వాళ్ళు పట్టి పక్కవాణ్ణి దాటడానికి. దాని తర్వాత కిలోమీటరుకు పైగా తిన్నని దారి, చివర్లో నాలుగో మలుపుకి గట్టి బ్రేకు. 10, 11 కలిసి ఒకటే పొడవాటి కుడి మలుపు. కారు బరువంతా ఎడమ టైర్ల మీద, అందులోనూ ముందు ఎడమ టైరు మీద, చాలాసేపు నిలబడిపోతుంది. 2011 క్వాలిఫయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీలో, రెడ్ బుల్ జట్టు డ్రైవర్ వెటెల్ ఈ ల్యాపును 1 నిమిషం 24.178 సెకన్లలో తిప్పాడు. సగటున గంటకు 219 కిలోమీటర్ల వేగం.

దుమ్ము మాత్రం మొదటి ఏడాది నుంచీ ఉంది. చుట్టూ కట్టడాల పనులు, ఖాళీ నేల. ఏడాదిలో ఎక్కువ రోజులు పెద్ద కార్లు తిరగని తారు మీద రబ్బరు పొర ఉండదు. ప్రాక్టీసు మొదలయ్యే శుక్రవారం టైర్లు జారతాయి, తిరిగినకొద్దీ ఒక్క గీత మాత్రం శుభ్రపడి పట్టు వస్తుంది. ఆ గీత దాటి చక్రం పడిందా, దుమ్ము టైరుకి అంటుకుని తర్వాతి మలుపులోనూ జారుతుంది. మీ స్లిక్‌లకీ (గాళ్ళు లేని నున్నని టైర్లకీ) అంతే. గ్యారేజీలోంచి తోసేటప్పుడు టైర్లు తడిగుడ్డతో తుడవండి. వరుస ఎంచుకునే వీలుంటే ముందే దిగకండి, నలుగురు తిరిగాక వెళ్ళండి. ఇంజిన్‌లోకి పోయే గాలిని తగ్గించే 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్‌కి ఇంజిన్‌కి మధ్య ఉండే గొట్టాల జాయింట్లన్నీ చూసుకోండి. అక్కడ సందు ఉంటే ఫిల్టర్ చూడని దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, తనిఖీలోనూ ఆపేస్తారు. బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ ఒకేసారి లాక్ అవ్వాలి. ఒక చక్రం ఒక్కోసారి లాకై ఒక్కోసారి తిరుగుతోందంటే ముందు, వెనక బ్రేకుల పాళ్ళు మార్చే బయాస్ బార్ వెంటనే తిప్పకండి, ముందు బ్రేకు లైనులో గాలి తీయండి.

మలుపుల అంచున ఉండే కెర్బ్‌ల (ఎత్తు దిమ్మల) జోలికి పోకండి. 2011లో ఫెరారీ డ్రైవర్ ఫెలిపే మాసా లోపలి వైపున్న ఎత్తైన నారింజ రంగు కెర్బ్ ఎక్కి శనివారం క్వాలిఫయింగ్‌లో సస్పెన్షన్ విరగ్గొట్టుకున్నాడు, ఆదివారం రేసులో మళ్ళీ అలాగే. మీ ఎ-ఆర్మ్‌లు (చక్రాన్ని కారుకి కలిపే కడ్డీలు) అతని కారువాటి కంటే గట్టివి కావు.

2011 అక్టోబర్ 30, 2012 అక్టోబర్ 28, 2013 అక్టోబర్ 27. జరిగినవి ఈ మూడే, మూడూ రెడ్ బుల్ కారులో వెటెల్ గెలిచినవే. మన డ్రైవర్లలో నరైన్ కార్తికేయన్ 2011లో హెచ్‌ఆర్‌టీ జట్టు కారులో 17వ స్థానంలో ముగించాడు. కరుణ్ చందోక్‌కి లోటస్ వాళ్ళు శుక్రవారం ప్రాక్టీసు వరకే అవకాశమిచ్చారు.

మూడింట్లో నువ్వు లెక్కకట్టి చూడాల్సింది 2013. టైర్ల కంపెనీ పిరెల్లి సాఫ్ట్ (మెత్తని), మీడియం (మధ్యరకం) టైర్లు తెచ్చింది. పొడి రేసులో రెండు రకాలూ వాడాలన్నది నియమం. సాఫ్ట్ వేగంగా ఉంది కానీ కొన్ని ల్యాపులకే పాడైపోతోంది. పోల్ (మొదటి స్థానం) నుంచి సాఫ్ట్ మీద బయల్దేరిన వెటెల్ రెండో ల్యాపుకే వాటిని వదిలించుకుని 17వ స్థానంలో ట్రాక్ మీదికొచ్చాడు. అక్కణ్ణుంచి అందర్నీ దాటి దాదాపు 30 సెకన్ల తేడాతో గెలిచాడు. 17వ స్థానం నుంచి బయల్దేరిన లోటస్ డ్రైవర్ గ్రోజాన్ 13వ ల్యాపులో మీడియం వేసుకుని, మిగిలిన 47 ల్యాపులూ ఆ ఒక్క సెట్టు మీదే నడిపి మూడోవాడయ్యాడు. మీడియం టైరుకి పిరెల్లి చెప్పిన హద్దు 35 ల్యాపులే! అతని జట్టువాడే రైకోనెన్ ఇంకా ముందే టైర్లు మార్చి చివరిదాకా లాగబోతే రబ్బరు అరిగిపోయి ఏడో స్థానానికి జారాడు. వెటెల్ జట్టువాడు వెబర్ కారు ఆల్టర్నేటర్ (కరెంటు తయారుచేసే భాగం) పోయి ఆగిపోయింది. ఆ రోజుతో వెటెల్‌కి నాలుగో టైటిల్ ఖాయమైంది. స్టాండ్ల ముందు కారును గిరగిరా తిప్పినందుకు 25,000 యూరోల జరిమానా పడింది.

అంత మంచి రేసు అక్కడ అదే ఆఖరిది.

అసలు చిక్కు ఒక్క ప్రశ్న దగ్గర మొదలైంది: ఇది క్రీడా, వినోదమా? క్రీడ అయితే కొన్ని మినహాయింపులుంటాయి. క్రీడల మంత్రిత్వ శాఖ ఇది వ్యాపారమంటూ కస్టమ్స్ మినహాయింపు ఇవ్వలేదు. కార్లు వచ్చి తిరిగి వెళ్ళిపోతాయి సరే, ఇక్కడే అరిగిపోయే టైర్లు, కాలిపోయే ఇంధనం సంగతి? ఆ సుంకం ఎవరు కట్టాలన్నది ఏటా తలనొప్పే. ఉత్తరప్రదేశ్ వినోదపు పన్ను మినహాయిస్తే దాని మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2011 రేసుకి కొద్ది రోజుల ముందు టికెట్ల సొమ్ములో నాలుగో వంతు విడిగా జమ చేయమని కోర్టు చెప్పింది. 2013లో పన్ను కట్టలేదు, రేసు ఆపండంటూ రేసు వారంలోనే మళ్ళీ పిటిషన్. వీటికి తోడు ఆదాయపు పన్ను. సీజన్‌లో ఇరవై దాకా రేసులుంటే, అందులో భారత్ వంతు ఆదాయానికి ఇక్కడ పన్ను కట్టాలని జట్ల మీద ఒత్తిడి.

ఒప్పందం అయిదేళ్ళది. 2014లో విరామమనీ, 2015లో సీజన్ మొదట్లో పెడతామనీ చెప్పారు, పెట్టలేదు. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. రేసు జరిగినన్ని రోజులూ ఆ సర్క్యూటే ఫార్ములా వన్ సంస్థకు ఇక్కడి స్థిర వ్యాపార స్థలం, కాబట్టి ట్రాక్ కట్టి రేసు నడిపిన జేపీ సంస్థ ఇవ్వాల్సిన 4 కోట్ల డాలర్ల రుసుముకి సంబంధించి భారత్‌లో పన్ను పడుతుందని. ఈలోగా జేపీ అప్పుల్లో మునిగింది. బకాయిల వల్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే అథారిటీ 2020లో ట్రాక్ ఉన్న వెయ్యి హెక్టార్ల భూమి కేటాయింపునే రద్దు చేసింది. ట్రాక్ మిగిలింది. 2023 సెప్టెంబర్‌లో మోటార్‌సైకిళ్ళ రేసు మోటోజీపీ కూడా జరిగింది.

మన హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల రేసు) కూడా ఇలాగే. 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్, 18 మలుపులు, వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పోటీ నెల ముందు రద్దయింది. కార్లలో లోపం లేదు, డ్రైవర్లలో లేదు. నాకు బాధగా ఉండేది అదే.

అందుకే కారుతో పాటు కాగితాలూ సర్దుకోమంటున్నాను. లారీ రాష్ట్రాలు దాటుతుంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు రాసిన డెలివరీ చలాన్ ఉండాలి. విలువ 50,000 రూపాయలు దాటుతుంది గనక ఈ-వే బిల్లు సంగతి ట్రాన్స్‌పోర్టర్‌తో ముందే తేల్చుకోండి. ఇంజిన్ కొన్న బిల్లు నకలు కూడా పెట్టండి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా దించి, బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి టేపు చుట్టండి. పట్టీలు చక్రాలకే వేయండి, ఎ-ఆర్మ్‌లకి వేస్తే దారిలో కుదుపులకి అలైన్‌మెంట్ పోతుంది. దింపగానే టో, కాంబర్ (చక్రాలు వంగి ఉండే కోణాలు) మళ్ళీ కొలవండి.

వీలైతే సాయంత్రం ఎండ తగ్గాక 10, 11 మలుపుల దగ్గరికి నడిచి వెళ్ళు. అక్కడ ఎంతసేపు తిరుగుతూనే ఉండాలో కాళ్ళకే తెలుస్తుంది.

చేరగానే ఫోన్ చెయ్యి.

మీ నాన్న